పేరు ఒకరి దగ్గర, గొంతు ఇంకొకరి దగ్గర: 'యెస్' బ్యాండ్ అభిమానుల వాదనలోకి మతం ఎందుకు వచ్చింది

క్లుప్తంగా: బ్రిటిష్ రాక్ బ్యాండ్ 'యెస్' 1968లో మొదలైంది. ఇప్పుడు ఆ పేరుతో వాయిస్తున్న అయిదుగురిలో ఒక్కరు కూడా మొదటి ఆల్బమ్‌లో లేరు. మొదటి గాయకుడు జాన్ ఆండర్సన్ వేరే బృందంతో అవే పాటలు పాడుతున్నారు. అసలు 'యెస్' ఎవరిది అన్న వాదనలో అభిమానులు పోప్‌లనూ చీలికలనూ గురుపరంపరనూ తెస్తారు. వాదించుకునేవాళ్ల ప్రమాణాలు వేరు వేరని ఈ పోలిక స్పష్టంగా చూపిస్తుంది. పేరు మీద చట్టపరమైన హక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది పనికిరాదు.

1960లు, 70లలో పుట్టిన రాక్ బ్యాండ్లకు ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. బ్యాండ్ పెట్టినవాళ్లు ఒక్కొక్కరుగా చనిపోతున్నారు, లేదా ఓపిక లేక తప్పుకుంటున్నారు. పోస్టర్ మీద పేరు మాత్రం అలాగే ఉంటోంది. 2023 మార్చిలో గ్యారీ రాసింగ్టన్ మరణంతో లినర్డ్ స్కినర్డ్‌లో తొలి సభ్యులెవరూ మిగల్లేదు, అయినా బ్యాండ్ ఆగలేదు. ఇలా జరిగిన ప్రతిసారీ అభిమానులు అడిగే ప్రశ్న ఒకటే: మనుషులందరూ మారిపోయాక అది ఇంకా అదే బ్యాండా?

'యెస్' అభిమానులు ఈ ప్రశ్నతో నాలుగు దశాబ్దాలకు పైగా కుస్తీ పడుతున్నారు. మిగతాచోట్ల ఈ వాదన ఎవరో చనిపోయాక మొదలవుతుంది. ఇక్కడ మాత్రం రెండు పక్షాల పెద్దలూ బతికుండగానే, ఇద్దరూ వేదికలెక్కుతుండగానే నడిచింది. అందుకే విడిపోయిన కుటుంబాల కన్నా విడిపోయిన మతశాఖలు అభిమానులకు దగ్గరి పోలికగా కనిపించాయి.

రాకపోకల చరిత్ర

లండన్‌లో ఆండర్సన్, బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వైర్ కలిసి ఈ బ్యాండ్ పెట్టారు. గిటార్‌కు పీటర్ బ్యాంక్స్, కీబోర్డులకు టోనీ కే, డ్రమ్స్‌కు బిల్ బ్రూఫర్డ్ చేరారు. 'యెస్' అనే పేరు బ్యాంక్స్ సూచించిందే. రెండు ఆల్బమ్‌లు అయ్యేసరికి, 1970లో, ఆ బ్యాంక్స్‌నే తప్పించి స్టీవ్ హౌను తీసుకున్నారు. 1971లో టోనీ కే స్థానంలోకి రిక్ వేక్‌మన్ వచ్చారు. 1972లో 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ పూర్తి కాగానే బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్‌లోకి వెళ్లిపోయారు. ఆయన బదులు వచ్చిన అలన్ వైట్‌కు టూర్‌లో వాయించాల్సిన పాటలన్నీ నేర్చుకోవడానికి దొరికింది మూడు రోజులు. ఆ తర్వాత 2022లో చనిపోయేదాకా 'యెస్' డ్రమ్మర్ ఆయనే.

అభిమానుల్లో ఎక్కువమంది 'అసలైన యెస్' అని చెప్పేది 'ఫ్రాజైల్', 'క్లోజ్ టు ది ఎడ్జ్' చేసిన అయిదుగురినే. అందులో హౌ, వేక్‌మన్ ఇద్దరూ తర్వాత వచ్చినవాళ్లు. అంటే స్వచ్ఛమైన మూలరూపం అని జనం భావించేది కూడా అప్పటికే రెండు మార్పులు జరిగిన రూపం. పైగా ఆ అయిదుగురూ కలిసి ఉన్నది సుమారు ఏడాది. ఈ సంగతి దృష్టిలో లేకపోతే తర్వాతి గొడవలు అర్థం కావు.

1974లో వేక్‌మన్ వెళ్లి ప్యాట్రిక్ మొరాజ్ వచ్చారు. 1977 ఆల్బమ్ నాటికి వేక్‌మన్ మళ్లీ ఉన్నారు. 1980లో ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల బదులు 'బగుల్స్' అనే పాప్ జంట ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ వచ్చారు. మరుసటి ఏడాదే బ్యాండ్ విడిపోయింది. 1982లో స్క్వైర్, వైట్ కలిసి దక్షిణాఫ్రికా గిటారిస్టు ట్రెవర్ రాబిన్‌తో కొత్త బృందం కట్టారు. దానికి మొదట అనుకున్న పేరు 'సినిమా'. టోనీ కే తిరిగొచ్చారు, చివర్లో ఆండర్సన్ కూడా వచ్చి పాడటంతో అది మళ్లీ 'యెస్' అయింది. 1983లో వచ్చిన '90125' ఆల్బమ్‌లోని 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్‌కి చేరింది. అక్కడ ఈ బ్యాండ్‌కి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ అది.

అభిమానులు శాఖలుగా చీలింది కూడా అప్పుడే. ఇరవై నిమిషాల పాటలు, పొరలు పొరలుగా సాగే సంగీతం ఇష్టపడేవాళ్లకు 'ట్రూపర్లు' అని, రాబిన్ కాలపు పదునైన రేడియో పాటలను ఇష్టపడేవాళ్లకు 'జనరేటర్లు' అని పేర్లు వచ్చాయి. మొదటిది 'స్టార్‌షిప్ ట్రూపర్' పాట నుంచి, రెండోది 1987 ఆల్బమ్ 'బిగ్ జనరేటర్' నుంచి. లాస్ ఏంజెలెస్ కేంద్రంగా నడిచిన రాబిన్ కాలపు బృందానికి 'యెస్ వెస్ట్' అనే వాడుక కూడా ఏర్పడింది. తూర్పు చర్చి, పడమటి చర్చి అనే పాత విభజన గుర్తున్నవాళ్లకు ఆ పేరు ఎటు చూపిస్తుందో తెలుస్తుంది.

మతభాషకు బీజం వేసింది బ్యాండే

ఈ భాష అభిమానులు గాల్లోంచి తెచ్చింది కాదు. దాని మూలాలు బ్యాండ్ సంగీతంలోనే ఉన్నాయి, అదీ భారతదేశంతో ముడిపడి. 1973లో బ్రూఫర్డ్ పెళ్లి విందులో కింగ్ క్రిమ్సన్ వాద్యకారుడు జేమీ మ్యూర్ ఆండర్సన్‌కు పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ' గురించి చెప్పారు. ఆ పుస్తకంలో ఒకచోట అధోసూచికలో శాస్త్రాలు నాలుగు రకాలని, అవి శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని ఉంటుంది. ఆండర్సన్ ఆ నాలుగు మాటలు పట్టుకుని, హౌతో కలిసి నాలుగు పాటలు అల్లారు. ఒక్కో పాట ఎల్‌పీ రికార్డులో ఒక వైపు మొత్తం. అలా వచ్చిందే 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అనే రెండు రికార్డుల ఆల్బమ్.

అది అభిమానులకు ఒక పరీక్ష అయింది. కొందరికి అదే శిఖరం, కొందరికి అక్కడే బ్యాండ్ దారి తప్పింది. బ్యాండ్‌లోనే ఏకాభిప్రాయం లేదు. మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో ఆ సంగీతం నడుస్తుండగానే వేదిక మీద తన కీబోర్డుల దగ్గర కర్రీ పెట్టుకుని తిన్నానని వేక్‌మన్ స్వయంగా చాలాసార్లు చెప్పారు. టూర్ అయ్యాక ఆయన బ్యాండ్ వదిలేశారు. శాస్త్రాల పేరుతో చేసిన ఆల్బమ్ దగ్గర నమ్మకం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని విభజన రావడంతో ఆ తర్వాతి వాదనలకు మాటలు సిద్ధంగా దొరికాయి.

దీనికి ఆల్బమ్ అట్టల మీద చిత్రకారుడు రోజర్ డీన్ గీసిన బొమ్మలు తోడయ్యాయి. గాల్లో తేలే రాళ్లు, అంచు నుంచి కిందికి జారిపోయే నీళ్లు, 1972 నుంచి వాడుతున్న మెలికల అక్షరాల లోగో. డీన్ గీసిన అట్ట ఉంటే అది అసలు శాఖ సరుకని గుర్తుపట్టే అలవాటు అభిమానులకు వచ్చేసింది. '90125' అట్ట మీద డీన్ బొమ్మ లేదు. సంప్రదాయవాదులకు సంగీతం వినకముందే అనుమానం కలిగించడానికి అది చాలు.

మూడు కొలతలు

వాదన ఎంతకీ తెగకపోవడానికి కారణం మొండితనం అనుకుంటారు. అసలు కారణం వేరే. మూడు పక్షాలు మూడు వేర్వేరు కొలతలతో ఒకే వస్తువును కొలుస్తున్నాయి.

మొదటి పక్షానికి పరంపర ముఖ్యం. బ్యాండ్ ఆగకుండా నడిచిందా, ఒకరి నుంచి ఒకరికి సక్రమంగా చేరిందా అన్నదే వాళ్ల ప్రశ్న. కేథలిక్ చర్చిలో బిషప్పుల అధికారం అపొస్తలుల నుంచి చేతులు మారుతూ వచ్చిందనే నమ్మకం ఉంది. వీళ్లు చెప్పేది దాదాపు అదే. 2014 వరకు 'యెస్' స్టూడియో ఆల్బమ్‌లన్నింటిలోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి స్క్వైర్. కాబట్టి స్క్వైర్ ఉన్నదే 'యెస్', ఆయన అప్పగించినవాళ్లే వారసులు.

రెండో పక్షానికి వ్యక్తి ముఖ్యం. ఆండర్సన్ గొంతు, ఆయన రాసిన మాటలు, ఆయన ఊహలు లేకుండా 'యెస్' లేదని వాళ్ల వాదన. స్థాపకుడు బయట ఉండి సంస్థ లోపల ఉంటే సత్యం స్థాపకుడితోనే ఉంటుందని వాళ్ల నమ్మకం.

మూడో పక్షానికి గ్రంథం ముఖ్యం. పాటలే ప్రమాణం. వాటిని శ్రద్ధగా, స్వరం తప్పకుండా వాయించేవాళ్లు ఎవరైనా ఒకటే. పోప్ అక్కర్లేదు, బైబిల్ చాలన్న ప్రొటెస్టెంట్ ధోరణి ఇది. ఈ పక్షంవాళ్లు ట్రిబ్యూట్ బ్యాండ్‌ని, అంటే వేరే బ్యాండ్ పాటలనే వాయించే బృందాన్ని కూడా మనస్ఫూర్తిగా వినగలరు.

జర్మన్ సామాజికవేత్త మాక్స్ వేబర్ మతాల గురించి చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక మనిషి ఆకర్షణ మీద పుట్టిన ఉద్యమం ఆ మనిషి తర్వాత కూడా బతకాలంటే, ఆ ఆకర్షణను ఎక్కడో ఒకచోటికి మళ్లించుకోవాలి. వారసుడిని నియమించుకోవచ్చు, అనుచరులే ఎన్నుకోవచ్చు, లేదంటే ఆ మహిమను పదవికే అంటగట్టవచ్చు. 'యెస్'లో జరిగింది మూడోది. 2008లో ఆండర్సన్‌కు శ్వాస సంబంధమైన తీవ్ర అనారోగ్యం వచ్చి టూర్ రద్దయింది. ఆయన కోలుకునేదాకా ఆగకుండా మిగతావాళ్లు బెన్వా డేవిడ్‌ను తెచ్చుకున్నారు. డేవిడ్ కెనడాలో 'యెస్' పాటలు పాడే ఒక ట్రిబ్యూట్ బ్యాండ్ గాయకుడు. 2012లో ఆయన స్థానంలో వచ్చిన జాన్ డేవిసన్ కూడా ట్రిబ్యూట్ బ్యాండ్‌లో ఆ పాటలు పాడినవారే. పేరు స్క్వైర్‌కు సూచించింది ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్. అలా 'యెస్ గాయకుడు' అనేది ఒక పీఠం అయింది. ఆ ఎత్తు స్వరం అందుకోగలగడమే దానికి అర్హత.

ఇక్కడే ఒక తేడా ఉంది. కొత్త పోప్ మొదటి పోప్‌గా చెప్పే పీటర్‌లా కనిపించక్కర్లేదు, పీటర్‌లా మాట్లాడక్కర్లేదు. 'యెస్' గాయకుడు మాత్రం మొదటివాడిలా వినిపించి తీరాలి. పీఠం వ్యక్తి నుంచి పూర్తిగా విడిపోలేదు. అందుకే రెండో పక్షం నోరు మూయించడం మొదటి పక్షానికి ఎప్పటికీ కుదరదు. డేవిసన్ ఎంత బాగా పాడితే ఆండర్సన్ అంతగా గుర్తొస్తారు.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ శ్రీవైష్ణవంలో ఉంది. వడగలై, తెంగలై సంప్రదాయాలు రెండింటికీ రామానుజులే ఆచార్యులు. ఆ తర్వాతి వరసలో ఒకరికి వేదాంత దేశికులు, ఒకరికి మణవాళ మాముని ప్రధానం. కాంచీపురం వరదరాజస్వామి ఆలయంలో ప్రబంధ పారాయణకు ముందు ఏ ఆచార్యుని తనియన్ (స్తుతి శ్లోకం) చదవాలన్న విషయం మీద తరాల తరబడి కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. పాశురాలు ఇరువర్గాలకూ ఒకటే. తేడా వచ్చింది వాటికి ముందు ఎవరిని తలచుకోవాలన్న దగ్గర. 'యెస్' యాభయ్యో ఏడాది, 2018లో, రెండు బృందాలు వేర్వేరుగా టూర్లు చేసి రెండూ 'రౌండబౌట్' వాయించాయి. అక్కడా గొడవ పాట గురించి కాదు. వేదిక మీద నిలబడే హక్కు ఎవరిదన్నదే గొడవ.

1989: ఇద్దరు పోప్‌ల కాలం

పోలిక అన్నిటికంటే బాగా అతికేది ఈ ఘట్టానికే. 1988లో ఆండర్సన్ రాబిన్ కాలపు 'యెస్' నుంచి బయటికొచ్చి బ్రూఫర్డ్, వేక్‌మన్, హౌలను కూడగట్టారు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' చేసిన అయిదుగురిలో నలుగురు ఒకచోట చేరారన్నమాట. అయిదోవాడు స్క్వైర్ అవతలి వైపు ఉన్నారు, పేరు కూడా ఆయన వైపే ఉంది. దాంతో ఈ నలుగురూ తమ ఇంటిపేర్లనే వరసగా పేర్చి 'ఆండర్సన్ బ్రూఫర్డ్ వేక్‌మన్ హౌ' అని 1989లో ఆల్బమ్ తెచ్చారు. బేస్ వాయించింది టోనీ లెవిన్. అట్ట మీద బొమ్మ రోజర్ డీన్‌ది.

అప్పటి పరిస్థితి ఇదీ: గొంతు, పాత పాటలు, పాత మనుషుల్లో ఎక్కువమంది, ఆఖరికి డీన్ బొమ్మ కూడా ఒక వైపు. పేరు, స్క్వైర్, నంబర్ వన్ పాట మరో వైపు. ఆండర్సన్ బృందం తమ టూర్‌కు 'ఎన్ ఈవెనింగ్ ఆఫ్ యెస్ మ్యూజిక్ ప్లస్' అని పేరు పెట్టుకుంటే, ప్రచారంలో 'యెస్' మాట వాడటం మీద అవతలివాళ్లు కోర్టుకెళ్లారు.

1378లో రోమ్‌లో కార్డినళ్లు ఆరో అర్బన్‌ను పోప్‌గా ఎన్నుకున్నారు. కొద్ది నెలలకే ఆ ఎన్నిక చెల్లదని వాళ్లే ఏడో క్లెమెంట్‌ను ఎన్నుకున్నారు. ఆయన ఆవిన్యోన్‌లో కొలువుదీరారు. ఇద్దరి పక్షానా నిజాయితీపరులు ఉన్నారు. సియెనా కేథరీన్ రోమ్ వైపు, విన్సెంట్ ఫెర్రర్ ఆవిన్యోన్ వైపు నిలబడ్డారు, తర్వాత ఇద్దరినీ చర్చి పునీతులుగా ప్రకటించింది. 1409లో పీసాలో సభ పెట్టి ఇద్దరినీ తొలగించి ఒకరిని ఎన్నుకుంటే, పాతవాళ్లు దిగకపోవడంతో పోప్‌లు ముగ్గురయ్యారు. చివరికి 1417లో కాన్‌స్టెన్స్ సభలో అయిదో మార్టిన్ ఎన్నికతో చిక్కు వీడింది.

'యెస్' చేసింది పీసా తరహా ప్రయత్నం. 1991లో రెండు పక్షాల పాటలనూ ఒక రికార్డులో చేర్చి 'యూనియన్' అన్నారు. స్టూడియోలో రెండు పక్షాలూ కలిసి పనిచేసింది లేదు, బయటి వాద్యకారులను చాలామందిని పెట్టుకున్నారు. వేక్‌మన్ ఆ ఆల్బమ్‌ను 'ఆనియన్' అనేవారు, వింటే కన్నీళ్లొస్తాయని. టూర్ మాత్రం వేరే సంగతి. గుండ్రటి వేదిక మీద ఎనిమిది మంది: ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు కీబోర్డు వాద్యకారులు, ఇద్దరు డ్రమ్మర్లు, ఒక్క స్క్వైర్, ఒక్క ఆండర్సన్. ఆ టూర్ చూసినవాళ్లు దాన్ని ఇప్పటికీ ఇష్టంగా తలచుకుంటారు. అది ముగియగానే కలయికా ముగిసింది. 1994 ఆల్బమ్ 'టాక్' మళ్లీ రాబిన్ కాలపు అయిదుగురిదే.

రెండు సంస్థలను కాగితం మీద కలపవచ్చు. రెండు ప్రమాణాలను కలపడం కుదరదు. పరంపర గొప్పదా, వ్యక్తి గొప్పవాడా అన్న ప్రశ్నకు 'యూనియన్' జవాబు చెప్పలేదు, దాన్ని ఒక టూర్‌కు వాయిదా వేసింది.

నిన్న తప్పు, నేడు గ్రంథం

ఏ లైనప్‌ను (సభ్యుల కూర్పును) ఎంతవరకు ఒప్పుకోవాలన్నది శాశ్వతంగా తేలిపోయిన విషయం కాదని చెప్పడానికి 1980 ఆల్బమ్ 'డ్రామా'ను మించిన సాక్ష్యం లేదు. ఆండర్సన్ లేని మొదటి 'యెస్' ఆల్బమ్ అది. బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది కానీ వేదిక మీద కథ వేరు. ఆండర్సన్ కోసం రాసిన పాటలు రాత్రి తర్వాత రాత్రి పాడటం ట్రెవర్ హార్న్ గొంతుకు భారమైంది. బ్రిటన్‌లో ఆయనకు జనం నుంచి వ్యతిరేకత ఎదురైంది. ఆ టూర్ తర్వాత హార్న్ ప్రొడ్యూసర్‌గా స్థిరపడ్డారు. మూడేళ్లకు '90125'ను ప్రొడ్యూస్ చేసింది ఆయనే.

2016లో 'యెస్' ఆ 'డ్రామా' ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వేదిక మీద వాయించింది. పాతకాలపు అభిమానులే టికెట్లు కొన్నారు. సంగీతం ఒక్క స్వరం మారలేదు. మారింది ఆల్బమ్ వయసు. ముప్ఫై ఆరేళ్లలో అంతకంటే పెద్ద మార్పులు జరిగాయి, వాటి పక్కన పెట్టి చూస్తే 'డ్రామా' సంప్రదాయబద్ధంగా కనిపించసాగింది. స్క్వైర్, హౌ, వైట్ ముగ్గురూ అందులో ఉన్నారన్న సంగతి 1980లో ఎవరికీ ఊరట ఇవ్వలేదు. 2016 నాటికి అదే పెద్ద ప్రమాణపత్రం అయింది. మతచరిత్రలోనూ ఏ గ్రంథం ప్రామాణికమో చాలాసార్లు ఇలా తర్వాతి కాలమే తేల్చింది.

స్క్వైర్ అప్పగింత

2015 జూన్ 27న స్క్వైర్ ల్యుకేమియాతో చనిపోయారు. చనిపోయే ముందు బ్యాండ్‌ను కొనసాగించమని, తన స్థానంలో వాయించమని బిల్లీ షెర్‌వుడ్‌ను ఆయనే కోరారు. షెర్‌వుడ్ కొత్తవారు కాదు. 'యూనియన్' రోజుల నుంచి బ్యాండ్ చుట్టూ ఉన్నవారు, 1990ల చివర్లో సభ్యుడు కూడా. పరంపర పక్షానికి ఇంతకంటే స్పష్టమైన నియామకం ఉండదు: గురువు బతికుండగా శిష్యుడి పేరు చెప్పడం, శిష్యుడు అదే వాద్యం అందుకోవడం.

స్క్వైర్ లేకుండా చేసిన తొలి కచేరీల్లో ఖాళీ వేదిక మీద ఆయన రికెన్‌బ్యాకర్ బేస్ గిటార్‌ను నిలబెట్టి, దాని ఒక్కదాని మీదే లైటు వేసి, ఆయన రాసిన 'ఆన్‌వర్డ్' పాట రికార్డు వినిపించారు. పాట అయ్యాకే మిగతావాళ్లు వేదిక మీదికి వచ్చారు. పాదుకా పట్టాభిషేకం తెలిసినవాళ్లకు ఆ దృశ్యం వివరించి చెప్పక్కర్లేదు. ఆయన వాద్యం ముందుంది, ఆయన పేరు మీదే నడుపుతున్నాం అని చెప్పడం అది.

రెండో పక్షం ఈ అప్పగింతను ఒప్పుకోలేదు. 2016లో ఆండర్సన్, రాబిన్, వేక్‌మన్ కలిసి తమ పేర్లతోనే టూర్ మొదలుపెట్టారు. 2017 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో జరిగిన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ కార్యక్రమంలో రెండు పక్షాలూ ఒకే వేదిక ఎక్కాయి. 'రౌండబౌట్'కు బేస్ వాయించింది రష్ బ్యాండ్ గెడీ లీ. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్'కు హౌ తన గిటార్ పక్కన పెట్టి బేస్ అందుకున్నారు. హౌ బ్యాండ్‌లో లేని కాలపు పాట అది, ఆయన వాయించింది స్క్వైర్ భాగం. అభిమానులు ఆ రాత్రి రాజీ కుదురుతుందని ఆశపడ్డారు. కొద్ది రోజులకే ఆండర్సన్ బృందం తన పేరును 'యెస్ ఫీచరింగ్ జాన్ ఆండర్సన్, ట్రెవర్ రాబిన్, రిక్ వేక్‌మన్' అని మార్చుకుంది. మళ్లీ రెండు 'యెస్'లు.

పోలిక ఎక్కడ తెగుతుంది

మతంలో ఎవరు అసలు వారసుడన్నది విశ్వాసుల మనసులో తేలాలి. బ్యాండ్ పేరు సంగతి అలా కాదు, అది ఆస్తి. ట్రేడ్‌మార్క్ చట్టం అడిగేది ఒక్కటే: ఈ పేరు చూసి కొనేవాడికి సరుకు ఎవరి నుంచి వస్తోందని అర్థమవుతుంది, ఆ పేరు మీద అదుపు ఎవరిది? పాట ఎవరి గుండెలోంచి పుట్టిందన్న దానితో చట్టానికి పనిలేదు. పెద్ద హాళ్ల నిర్వాహకులు డబ్బు పెట్టేది పోస్టర్ మీది పేరు చూసి. పేరు కోసం పోరాటం ఇంత తీవ్రంగా ఉండటానికి సగం కారణం అదే.

పేరు మాత్రమే చేతిలో ఉంటే ఏమవుతుందో ఇతర బ్యాండ్ల చరిత్ర చెబుతుంది. 1974లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ మేనేజర్ క్లిఫర్డ్ డేవిస్ పేరు తనదేనంటూ, ఆ బ్యాండ్‌తో సంబంధం లేనివాళ్లను అమెరికా టూర్‌కు పంపారు. 1980లో డీప్ పర్పుల్ తొలి గాయకుడు రాడ్ ఎవాన్స్ కొత్త వాద్యకారులతో అదే పేరు మీద కచేరీలు చేస్తే, అమెరికా కోర్టు 6,72,000 డాలర్ల పరిహారం విధించింది. ఎవాన్స్ నిజంగానే తొలి సభ్యుడు. తొలి సభ్యుడు కావడం చట్టం ముందు హక్కు కాలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. మతశాఖలు చీలితే విశ్వాసి ఒక గుడినే ఎంచుకోవాల్సి రావచ్చు. సంగీతంలో అలాంటి నిర్బంధం లేదు. 2018లో రెండు టూర్లకూ వెళ్లినవాళ్లు ఉన్నారు, రెండూ నచ్చినవాళ్లూ ఉన్నారు. వాదనలో గొంతు పెద్దగా వినిపించేది కరడుగట్టిన పక్షాలదే కాబట్టి, వీళ్ల సంఖ్య తక్కువని అనిపిస్తుంది.

మిగతా బ్యాండ్లు కనిపెట్టిన దారులు

డీప్ పర్పుల్ అభిమానులు తమ లైనప్‌లకు మార్క్ వన్, మార్క్ టూ అని అంకెలు వేసుకున్నారు. గిల్లన్ పాడిన మార్క్ టూ గొప్పదా, కవర్‌డేల్ పాడిన మార్క్ త్రీ గొప్పదా అని వాదిస్తారు కానీ మార్క్ త్రీ అసలు డీప్ పర్పులే కాదని అనరు. అంకె వేయడంతోనే వారసత్వం ఒప్పుకున్నట్టయింది. క్వీన్ సభ్యులు గాయకుడి పేరు ప్లస్ గుర్తుతో పక్కన చేర్చి 'క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్' అన్నారు. చనిపోయిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ స్థానం ఖాళీగానే ఉందని ఆ గుర్తు చెబుతుంది, అందుకే పెద్దగా గొడవ రాలేదు. బ్లాక్ సబ్బాత్‌లో రానీ జేమ్స్ డియోతో పాడించిన బృందం 2006లో మళ్లీ కలిసినప్పుడు 'హెవెన్ అండ్ హెల్' అనే వేరే పేరు పెట్టుకుంది. బార్‌క్లే జేమ్స్ హార్వెస్ట్ రెండుగా చీలి, రెండూ అదే పేరుకు తమ తమ నాయకుల పేర్లు తగిలించుకుని నడిచాయి.

'యెస్'కు ఈ దారుల్లో ఏదీ పూర్తిగా కుదరలేదు. అంకెలు వేయడానికి రాకపోకలు మరీ ఎక్కువ, పైగా వెళ్లినవాళ్లే తిరిగొచ్చారు. ప్లస్ గుర్తు పెట్టడానికి గాయకుడు చనిపోలేదు. ఈ రెండో కారణమే బలమైనది. ఖాళీ అయిన సింహాసనం మీద ఎవరిని కూర్చోబెట్టినా జనం మెల్లగా అలవాటు పడతారు. రాజు పక్క ఊళ్లో ఆరోగ్యంగా తిరుగుతూ పాడుతుంటే అలవాటు పడటం కష్టం.

ఇక ముందు

ఆండర్సన్ 2023 నుంచి 'బ్యాండ్ గీక్స్' అనే అమెరికన్ బృందంతో సొంత పేరు మీదే తిరుగుతున్నారు, 2024లో 'ట్రూ' అనే ఆల్బమ్ తెచ్చారు. 'యెస్' పేరు కోసం ఆయన ఇప్పుడు పోటీ పడటం లేదు. దాంతో రెండో పక్షానికి తమ సంగీతం దొరుకుతోంది, మొదటి పక్షానికి పేరు నిలిచింది. వాదన ముగియలేదు కానీ వేడి తగ్గింది. అటు హౌ నాయకత్వంలో 'యెస్' 2021లో 'ది క్వెస్ట్', 2023లో 'మిర్రర్ టు ది స్కై' విడుదల చేసింది. రెండింటి అట్టలూ డీన్ గీసినవే.

సింఫనీ ఆర్కెస్ట్రాలో మనుషులు మారుతున్నా ఆర్కెస్ట్రా ఉన్నట్టు తమ బ్యాండ్ కూడా తన తర్వాత నడవాలని స్క్వైర్ అనుకునేవారు. ఆ ఆలోచన నిలబడాలంటే జనం మూడో కొలతకు మారాలి, అంటే పాటే ప్రమాణమని ఒప్పుకోవాలి. ఆండర్సన్ గొంతు ప్రత్యక్షంగా విన్న తరం ఉన్నంతకాలం అది పూర్తిగా జరగకపోవచ్చు. రికార్డుల ద్వారా మాత్రమే ఈ సంగీతాన్ని ఎరిగిన కొత్త శ్రోతలకు డేవిసన్ గొంతులో అభ్యంతరమేమీ కనిపించదు.

దగ్గర్లో ఉన్న అసలు పరీక్ష హౌది. ఆయన 1947లో పుట్టారు, 1970ల బృందంలో ఇప్పటికీ 'యెస్'లో మిగిలింది ఆయనొక్కరే. ఆయన తప్పుకున్న రోజున పరంపర పక్షం ఎవరిని చూపిస్తుందో లెక్క వేయడం కష్టం కాదు. అందరికంటే ముందు బ్యాండ్‌లో అడుగుపెట్టినవారిగా మిగిలేది, 1980లో హార్న్ పక్కన నిలబడి 'డ్రామా'కు కీబోర్డులు వాయించిన జెఫ్ డౌన్స్.